వడ్డీ పెరిగింది, ఉయ్యాల వచ్చింది

ఉయ్యాల హాల్లో ఉంది. దాని డబ్బే ఎక్కడా లేదు.

హాలు నిండా కూర్చున్న ఆడవాళ్ళు మహావీరస్వామి వెండి ఉయ్యాలని ఊపుతూ జోలపాట అందుకున్నారు. వంటింట్లో నిమేష్ ఫోను పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అతని భార్య కేతకి తలుపు దగ్గరగా వేసింది.

"ఇంకోసారి చూడండి. కళ్ళజోడు పెట్టుకుని చూడండి."

"చూశానే. తగ్గింది."

"ఎంత?"

"పెట్టిన దాంట్లో ఎనిమిదో వంతు."

"మరి బా తన ఫండు పెరిగిందనుకుని కదా వేలంలో అంత పాడింది!"

"అదే కదా నేనూ అంటున్నది," అన్నాడు నిమేష్, నిజానికి అప్పటిదాకా ఏమీ అనకుండానే.

హాల్లోంచి నిమేష్ తల్లి కుందన్‌బెన్ గొంతు అందరికన్నా పైన వినిపిస్తోంది. అయిదు రోజులుగా కాచిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టని గొంతు అది. ఘాట్కోపర్‌లోని ఆ మేడలో ఆవిడని అందరూ బా అనే పిలుస్తారు. జైనుల పర్యూషణ్ పండగ ఎనిమిది రోజులూ ఉపవాసం పట్టింది. ఎనిమిదో రోజు అందరూ అందరినీ క్షమాపణ అడిగే సంవత్సరి, తొమ్మిదో రోజు పొద్దున పెసరకట్టు తాగి ఉపవాసం విడిచే పారణ. మధ్యలో ఈ ఉయ్యాల వచ్చి పడింది.

పొద్దున్నే టీవీలో రిజర్వు బ్యాంకు మళ్ళీ వడ్డీ పెంచిందని చెప్పారు. బా ముఖం చేటంత అయింది. భర్త పోయాక మంగళ్‌దాస్ మార్కెట్లో బట్టల కొట్టు అమ్మగా వచ్చినదంతా బాండు ఫండులో ఉంది. పెట్టించింది నిమేషే. "ప్రభుత్వం రాసిచ్చిన కాగితాలు బా, ఎక్కడికీ పోవు," అన్నాడు. వడ్డీ పెరిగితే వడ్డీ మీద బతికే ఫండు పెరగక చస్తుందా అనుకుంది బా. ఆవిడ ఒక్కతే కాదు, ఎవరైనా అలాగే అనుకుంటారు.

మధ్యాహ్నం సాధువులు దిగే ఉపాశ్రయంలో వేలం. మహావీరుడు కడుపున పడ్డప్పుడు తల్లి త్రిశలమాత కన్న పద్నాలుగు కలల వెండి బొమ్మలకీ ఒక్కొక్క పాట, ఆఖర్న ఉయ్యాలని ఒక రాత్రి ఇంటికి తెచ్చుకునేందుకు. రూపాయల మాటెత్తకూడదు. పాడేదంతా నేతి మణుగుల్లోనే, మణుగుకింత అని సంఘం ఏనాడో లెక్క కట్టి పెట్టింది. నేతి మణుగుల్లో పాడుతున్నంతసేపూ మనిషికి బ్యాంకు గుర్తుకు రాదు. పెద్దవాళ్ళు ఆ పద్ధతి ఊరికే పెట్టలేదు.

మూడో అంతస్తు జసుబెన్ తొమ్మిది వందల మణుగులంది. బా ఆవిడ వైపు చూడకుండానే వెయ్యిన్నొక్కటి అంది. ఉయ్యాల బ్యాండుమేళంతో ఇంటికి వచ్చింది.

"ఇప్పుడెలా చెప్తాం?" అన్నాడు నిమేష్.

"మనం చెప్పడమేమిటి? మీరు చెప్పాలి. పెట్టించింది మీరు."

"ఉయ్యాల తిరిగి ఉపాశ్రయానికి వెళ్ళనీ. రేపు చెప్తాను."

అంతలో తలుపు తోసుకుని జసుబెన్ వచ్చింది. "ఏరా నిమేష్, అమ్మ అంత గొప్ప పాట పాడితే నువ్వు వంటింట్లో దాక్కున్నావేం? కేతకీ, వచ్చినవాళ్ళకి ప్రభావన పంచడానికి కొబ్బరికాయలు ఎక్కడ పెట్టావమ్మా?"

కేతకి కొబ్బరికాయల బుట్ట ఆవిడ చేతిలో పెట్టింది. నిమేష్ ఫోను జేబులో పెట్టుకుని, ఏదైనా చెయ్యాలి కాబట్టి పప్పు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

*

మర్నాడు ఉయ్యాల వెళ్ళిపోయాక బా జపమాల పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నిమేష్ వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. చెడ్డ కబురు తెచ్చినవాడు కుర్చీలో కూర్చోలేడు.

"బా, ఒక మాట. కోపం తెచ్చుకోకూడదు."

"పర్యూషణ్‌లో కోపమేమిట్రా? ఉన్న పుణ్యం కాస్తా పోతుంది. చెప్పు."

చెప్పాడు. జపమాల ఆగింది.

"పెరగలేదా?"

"తగ్గింది బా."

"వడ్డీ పెంచారుగా!"

"పెంచారు కాబట్టే తగ్గింది."

"అంటే పొయ్యి మంట పెంచితే పాలు చల్లారిపోతాయని చెప్తున్నావు నువ్వు."

"అలాగే ఉంటుంది బా వినడానికి."

"నాకు కోపం రాలేదు," అంది బా, పటికబెల్లం లాంటి గొంతుతో. "రాదు కూడా. కానీ ఉపవాసం లేకపోతే నిన్ను ఏమనేదాన్నో అదంతా నువ్వే ఒక్కొక్కటిగా తలుచుకో నాయనా. నాకు శ్రమ తప్పుతుంది."

నిమేష్ తలుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, నీ డబ్బుంది కదా. ఇప్పటికి అది కట్టు."

"నాదీ అందులోనే పెట్టాను బా."

"అబ్బ! ఎంత మాతృభక్తి రా!"

కేతకి అక్కడే గోడకి ఆనుకుని పళ్ళెంలో పెసలు ఏరుతోంది, బా పారణ కోసం. పెళ్ళికి ముందు ఆడిటరు దగ్గర పనిచేసిన మనిషి. సంగతంతా తెలుసు. కానీ నోరు విప్పదు. ఎందుకు విప్పాలి? ఆవిడ నెలనెలా షేర్ల ఫండులో వేసుకునే డబ్బుని బా ఆరేళ్ళుగా జూదం అంటోంది. చుట్టాలొస్తే "మా కోడలు వంట బాగా చేస్తుంది, జూదమే కాస్త ఆడుతుంది" అని పరిచయం చేస్తుంది. ఆ డబ్బుతో వెనక వీధిలో ఒక గది తీసుకుని, గుడ్డు వెయ్యని కేకులు నేర్పించాలని కేతకి కోరిక. పండగ కాగానే గదికి అడ్వాన్సు ఇవ్వాలి.

"నీ పెళ్ళానికి తెలిసే ఉంటుంది," అంది బా. "ఇలా ఎందుకవుతుందో దాన్ని అడుగు."

"వింటూనే ఉంది కదా బా, నువ్వే అడగొచ్చుగా."

"నిన్ను అడగమన్నాను."

నిమేష్ కేతకి వైపు తిరిగాడు. కేతకి పెసల్లోంచి తలెత్తలేదు.

"మీ అమ్మగారికి చెప్పండి. ఆవిడ దగ్గర వందకి ఏడు ఇచ్చే కాగితం ఉందనుకోమనండి. ఇరవై ఏళ్ళ కాగితం. ఇవాళ బజార్లో వందకి ఎనిమిది ఇచ్చే కొత్త కాగితం వచ్చింది. ఇప్పుడు ఆవిడ పాతది అమ్ముతానంటే జసుబెన్ వంద పెట్టి కొంటుందా?"

నిమేష్ నోరు తెరిచేలోపే బా అందుకుంది. "జసునా! తొంభైకి అడుగుతుంది. తొంభై అంటే ఎనభై అయిదుకి రమ్మంటుంది. పైగా కాగితం మడత పడిందంటుంది. దాని సంగతి నాకు తెలీదా?"

"చెప్పండి ఆవిడకి, ఫండులో జరిగిందీ అదేనని. ఆ కాగితాలు ఈ పూట అమ్మితే ఎంత వస్తుందో రోజూ ధర కడతారు. అదే ఫోన్లో కనపడేది."

"నేను అమ్మడంలేదుగా!"

"అమ్మకపోయినా జసుబెన్ రోజూ వచ్చి బేరమాడి పోతుందన్నమాట," అన్నాడు నిమేష్. ఇద్దరూ అతని వైపు చూశారు. మధ్యవర్తి సొంత కవిత్వం చెప్పకూడదు.

"ఇరవై ఏళ్ళ కాగితం కాబట్టి దెబ్బ పెద్దది," అంది కేతకి. "ఏడాది కాగితమైతే కొనేవాడికి ఏడాది నష్టమే, పెద్దగా గీసి గీసి అడగడు. ఇరవై ఏళ్ళు తక్కువ వడ్డీతో కూర్చోవాలంటే ముందే ధరలో కోసుకుంటాడు. కొడుకుగారు ఏరి ఏరి పొడుగు కాగితాల ఫండే తెచ్చారని కూడా చెప్పండి."

"అందులోనే బాగా వస్తుందని ఉంది మరి," అన్నాడు నిమేష్.

"వడ్డీ తగ్గేటప్పుడు వస్తుంది."

బా జపమాల ఒడిలో పెట్టింది. "మరి నీ పెళ్ళాం జూదానికి దెబ్బ తగల్లేదేం? దాని ఫండు పెరిగిందట కదా?"

పళ్ళెంలో పెసలు గలగలలాడాయి.

"జూదం కాదని చెప్పండి. కంపెనీల్లో వాటాలు. వడ్డీ పెరిగితే వాటికీ తగులుతుంది. అప్పుచేసి ఫ్యాక్టరీ కట్టినవాడికి ఊపిరాడదు. మొన్న నాదీ నెల్లాళ్ళు పడింది. కానీ సబ్బుల కంపెనీవాడు సబ్బు మీద రూపాయి వేసుకుంటాడు. బ్యాంకువాడు అప్పుల మీద ఇంకాస్త లాక్కుంటాడు. అలా కొందరైనా లేచారు, వాళ్ళతో నా ఫండూ లేచింది. కాగితం మీద ఏడు అని రాశాక అది ఏడే. దానికి ఇంకో దారి లేదు."

"అయితే షేర్లు పడనే పడవా?" ఈసారి బా నిమేష్‌ని మధ్యలో పెట్టడం మరిచిపోయింది.

కేతకి కూడా మరిచిపోయింది. "ఎందుకు పడవు బా? మీ కాగితాలకన్నా ఘోరంగా పడతాయి. ఆ మాయదారి రోగం వచ్చిన ఏడాది మూడో వంతు పైనే పోయింది. ఎవరితో చెప్పుకోను? స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను."

"అందుకా అంతంతసేపు స్నానాలు చేశావు! నేను నీళ్ళు వృథా చేస్తున్నావని సతాయించాను కూడా."

ఒక్క క్షణం ఇద్దరి మధ్యా ఏదో మెత్తబడింది. అలాగే ఉండనిస్తే బాగుండేది. నిమేష్ ఉండనివ్వలేదు.

"చూశావా బా, కేతకి దగ్గర ఇప్పుడు డబ్బుంది. దాంతో ఉయ్యాల కట్టేద్దాం."

బా వీపు నిటారైంది. "జూదం డబ్బుతో దేవుడి ఉయ్యాలా?"

కేతకి పళ్ళెం తీసుకుని లేచింది. "విన్నారుగా. నా డబ్బు దేవుడికి పనికిరాదు."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి బా పిలిచింది. కేతకిని కాదు, నిమేష్‌ని.

"ఒరేయ్, ఆ రిజర్వు బ్యాంకువాళ్ళు వడ్డీ తగ్గిస్తే నా కాగితం మళ్ళీ లేస్తుందన్నమాటేగా?"

"లేస్తుంది బా. అప్పుడు ఏడు ఇచ్చే పాత కాగితం కోసం జసుబెన్ నూట అయిదు పెడుతుంది."

"ఎప్పుడు తగ్గిస్తారు?"

"ఏడాదో, రెండేళ్ళో. ఎవరికి తెలుసు?"

"సంవత్సరి సాయంత్రం లోపల తగ్గించరా?"

ఆ సంఘంలో వేలం డబ్బు సంవత్సరి సాయంత్రం చేసే ప్రతిక్రమణ లోపల కట్టెయ్యాలి. దేవుడి బాకీ నెత్తిన పెట్టుకుని లోకాన్ని క్షమాపణ అడగడానికి కూర్చోకూడదు. ఇప్పటిదాకా బా మాట ఆ సంఘంలో చెల్లని రోజు లేదు. పెళ్ళి సంబంధాలకీ ఆవిడ మాటే, మామిడికాయల బేరానికీ ఆవిడ మాటే. అది పోతే ఆవిడకి మిగిలేది కాచిన నీళ్ళే.

"తగ్గించరు బా," అన్నాడు నిమేష్.

"అడిగి చూశావా?" అంది బా. ఆ అన్నది వేళాకోళానికో నిజంగానో అతనికి అర్థం కాలేదు.

*

తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. పర్యూషణ్‌లో ఎలాగూ కూరగాయలుండవు. ఇప్పుడు మాటలు కూడా లేకపోయేసరికి నిమేష్‌కి అప్పడాల కూరలో ఉప్పు లేదని చెప్పడానికి కూడా ధైర్యం చాల్లేదు. ఫండు అమ్మెయ్యమని మాత్రం బా చెప్పింది, గోడకేసి చూస్తూ. తనదీ కలిపి అమ్మేశాడు. వచ్చినదంతా కట్టినా పాటకి నూట యాభై మణుగులు తక్కువ. మణుగుల్లో వింటే ఆవునేతి అప్పులా ఉంటుంది. రూపాయల్లో రెండు కొత్త స్కూటర్లు.

కేతకి రెండు రోజులూ మనసులో సమాధానాలు తయారుచేసుకుంటూనే ఉంది. బా అడిగితే ఇలా అనాలి, అలా అనాలి అని. బా అడగలేదు. అడగని మనిషికి జవాబు చెప్పలేకపోవడం కంటే బాధ లేదు.

సంవత్సరి మధ్యాహ్నం ఉపవాసం చేసినవాళ్ళని పలకరించడానికి మేడలోని ఆడవాళ్ళంతా వచ్చారు. బా మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. జసుబెన్ కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతోంది. వేలంలో ఎంత పోటీపడ్డా ఉపవాసి కాళ్ళు ఒత్తితే పుణ్యంలో వాటా వస్తుంది.

అప్పుడు వచ్చాడు సంఘం ట్రస్టీ రసిక్‌భాయి. ఆయన ఎవర్నీ డబ్బు అడగడు, అది ఆయన గొప్ప. వచ్చి కూర్చుంటాడు, అంతే.

"ఒంట్లో సుఖంగా ఉందా కుందన్‌బెన్?"

"దేవుడి దయ."

"మంచిది." రసిక్‌భాయి పైకి చూశాడు. "ఫ్యాను బాగా తిరుగుతోంది."

"కొత్తది," అన్నాడు నిమేష్.

"మంచిది. ఆఫీసు ఇవాళ నాలుగింటిదాకా తెరిచే ఉంటుంది. ఊరికే చెప్తున్నాను, నేనేమీ అడగడానికి రాలేదు."

నిమేష్ కేతకి వైపు చూశాడు. కేతకి కిటికీలోంచి ఎదురు మేడ గోడని చూసింది. ఆ గోడలో చూడటానికేమీ లేదు.

బా దిండ్ల మీంచి లేచి కూర్చుంది. "రసిక్‌భాయి, దాచడానికేముంది. నా దగ్గర నూట యాభై మణుగులు తక్కువ. వడ్డీ పెరిగింది కదా, బాండు ఫండు పెరిగిందనుకుని పాడాను. వడ్డీ పెరిగితే అది తగ్గుతుందట. నా లెక్క తప్పింది."

జసుబెన్ చేతులు బా పాదాల మీద ఆగిపోయాయి.

రసిక్‌భాయి ఇబ్బందిగా కదిలాడు. "నేను వదిలెయ్యలేను బెన్. నా కొట్టు బాకీ అయితే ఈ క్షణమే చింపేసేవాణ్ణి. ఇది దేవద్రవ్యం. వదిలేస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది."

"వదలమనలేదు." బా కాళ్ళు కిందపెట్టి, మంచం కోడు పట్టుకుని లేచింది. ఎనిమిది రోజుల ఉపవాసంతో నిలబడటమే కష్టం. నిమేష్ పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. నేరుగా కేతకి ముందుకి నడిచి చేతులు జోడించింది.

"మిచ్ఛామి దుక్కడం."

ఆ రోజున అందరూ అందరికీ చెప్పుకునే క్షమాపణే అది. పాలవాడికీ చెప్తారు, లిఫ్టువాడికీ చెప్తారు. కేతకి కూడా అలవాటుగా చేతులు జోడించబోయింది.

"ఆగు. ఇది లిఫ్టువాడికి చెప్పేది కాదు," అంది బా. "ఆరేళ్ళు నీ డబ్బుని జూదమన్నాను. తెలీక అన్నాను. నాకు తెలీదని కూడా తెలీక అన్నాను. నువ్వు నీళ్ళ చప్పుడు మాటున ఏడుస్తుంటే నేను తలుపు కొట్టి తిట్టాను. ఇంతమంది ఎదురుగా అంటున్నాను, ఈ ఇంట్లో డబ్బు సంగతి తెలిసింది ఒక్కరికే, అది నా కొడుక్కి కాదు. నూట యాభై మణుగులు నాకు అప్పిస్తావా?"

కేతకి రెండు రోజులుగా దాచుకున్న సమాధానాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. గది గుర్తొచ్చింది, అడ్వాన్సులో సగం పోతుందని గుర్తొచ్చింది. అయినా సంతోషంగానే ఉంది. ఆ మాట కోసం ఆరేళ్ళు కాచుకుని కూర్చుందని ఆ క్షణంలోనే ఆవిడకి తెలిసింది.

"ఇస్తాను బా. అప్పెందుకు?"

"అప్పే."

"సరే, అప్పే. ముందు మీరు కూర్చోండి, పడిపోతారు."

రసిక్‌భాయి మొదటిసారి ఫ్యాను మీంచి చూపు దించాడు. నిమేష్ గట్టిగా ఊపిరి వదిలాడు, తనే ఏదో సాధించినట్టు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. పండగ పూట అంత కన్నుల పండువగా ఎవరింట్లో జరుగుతుంది?

జసుబెన్ మాత్రం ఒత్తుకోలేదు.

"కుందన్‌బెన్," అంది మెల్లిగా. "వడ్డీ పెరిగితే బాండు ఫండు తగ్గుతుందా?"

"తగ్గుతుందట జసు."

"మరి నువ్వే కదా చెప్పావు, ప్రభుత్వం కాగితాలు, కళ్ళు మూసుకుని పెట్టమని? మా ఆయన బీమా డబ్బు వస్తే ఆయనకి చెప్పకుండా మొత్తం దాన్లో పోశాను. వేలం పొద్దున లిఫ్టులో వడ్డీ పెరిగిందే జసు అన్నావు. ఆ ధైర్యంతోనే లక్ష్మి కలకి ఏడువందల మణుగులు పాడి గెలిచాను. ఉయ్యాలకి నీ మీద అంతదాకా వచ్చానంటే ఏ గర్వంతో అనుకున్నావు?"

బా వెనక్కి మంచం దాకా నడిచింది.

"నేనూ పెట్టాను బా, మీరు చెప్పారని," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ రెండో అంతస్తు కోడలు. "మావాళ్ళు సింహం కల పాడారు."

"మేం పూర్ణకలశం," అంది ఇంకొకావిడ, ఏడుపు గొంతుతో.

ఒక్కొక్కరే ఫోన్లు తీశారు. గదిలో నిట్టూర్పులు మొదలయ్యాయి. రసిక్‌భాయి వేళ్ళు మడుస్తూ, పద్నాలుగు కలల్లో ఎన్ని ఈ గదిలోనే ఉన్నాయో లెక్కపెడుతున్నాడు.

బా మంచం మీద కూర్చుంది. చుట్టూ ఉన్న ముఖాలన్నీ చూసింది. ఒక్కొక్క ముఖం వెనకా తను చెప్పిన మాట ఉంది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కేతకీ," అంది, పండగకి తగినంత మెత్తగా. "నీ జూ..." నాలిక కరుచుకుంది. "నీ ఫండులో ఇంకా ఎంత మిగిలి ఉంటుందమ్మా?"